ఉప్పుగాలి ఊళ్ళో పాత సైకిలు: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

విశాఖపట్నంలో పాత సైకిలు కొనాలనుకునేవారు మొదట అడిగేది అది ఏ కంపెనీది, ఎన్నేళ్ళ నాటిది అని. అమ్మేవారు కూడా ఆ రెండు సంగతులే ముందు చెబుతారు. ఈ ఊరికి సంబంధించినంతవరకు ఆ ప్రశ్నలు రెండూ తరువాత అడగదగినవి. సముద్రం పక్కన నలభై, యాభై ఏళ్ళు గడిపిన ఉక్కు గొట్టం లోపల ఇంకా ఎంత దళసరిగా మిగిలి ఉంది అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి జవాబు సైకిలు పైభాగంలో ఎక్కడా కనిపించదు. పైకి కనిపించే టైర్లు, సీటు, పెడళ్ళు, బెల్లు, మడ్‌గార్డులు అన్నీ మార్చుకోగలిగినవి, పైగా చవకైనవి. కనిపించని చోట పాడైనదాన్ని బాగుచేయడం మాత్రం చాలాసార్లు అసాధ్యం. అయినా బేరం దాదాపు ఎప్పుడూ కనిపించేవాటి మీదే జరుగుతుంది.

చట్రం బాగుంటే మిగతా పని చాలామంది భయపడేంత కష్టమైనది కాదు. మన దేశంలో ఇప్పటికీ తయారవుతున్న పెద్ద నల్ల సైకిలు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండులో స్థిరపడిన కొలతల మీదే నడుస్తోంది. 28 అంగుళాల చక్రం, ముందు 32, వెనక 40 పుల్లలు, రాడ్ బ్రేకులు, కాటర్ పిన్నులనే ఏటవాలు మేకులతో బిగించే క్రాంకులు (పెడళ్ళను పట్టే చేతులు), అర అంగుళం చైను, ఇవన్నీ అప్పటివే. అందువల్ల 1950లలో తయారైన అలాంటి సైకిలుకు, అంటే రోడ్‌స్టర్‌కు, కావలసిన బేరింగు కప్పులు, కోనులు, యాక్సిళ్ళు, గుండ్లు ఇవాళ ఏ పేట సైకిలు షాపులోనైనా తీగకు వేలాడుతూ ఉంటాయి. పాతికేళ్ళ కిందట విదేశాల నుంచి వచ్చిన గేర్ల సైకిలుకు ఒక చిన్న మీట విరిగితే దొరకని పరిస్థితిలో డెబ్భై ఏళ్ళ సైకిలుకు అన్నీ దొరకడం విచిత్రంగా అనిపించినా, పాత సైకిలు మీద చేయి వేయడానికి ధైర్యం ఇచ్చేది ఆ సంగతే. ఈ సూత్రానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి తెలియాలంటే కంపెనీ పేర్ల చిక్కుముడి కొంత విప్పుకోవాలి.

పేరు ఒకటి, పుట్టిన ఊరు ఇంకొకటి

ర్యాలీ అనే పేరునే తీసుకుందాం. ఆ కంపెనీ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1880ల చివర మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులకు కళ్ళెం పడడంతో అదే కంపెనీ కలకత్తా వ్యాపారి సుధీర్ కుమార్ సేన్‌తో కలిసి పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కర్మాగారం పెట్టింది. హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌లో 1910లో మొదలైన కంపెనీ. 1949లో మురుగప్ప వ్యాపార కుటుంబం, ఇంగ్లండుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి మద్రాసు శివార్లలోని అంబత్తూరులో టీఐ సైకిల్స్ స్థాపించిన తరువాత హెర్క్యులిస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ పేర్లతో సైకిళ్ళు అక్కడే తయారయ్యాయి. అట్లాస్ 1951లో సోనీపత్‌లోను, హీరో 1956లో లూధియానాలోను మొదలయ్యాయి. 1953 దాకా విశాఖ మద్రాసు రాష్ట్రంలో భాగం కనుక, ఇక్కడి పాత ఇళ్ళలో బయటపడే హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌లో పుట్టినదా, మద్రాసులో పుట్టినదా అన్నది పేరు చూసి తేల్చగలిగే విషయం కాదు. ముందు హ్యాండిల్ గొట్టం మీది ఇత్తడి బిళ్ళపైన ఉన్న ఊరి పేరు, చట్రం మీద కొట్టిన నంబరు, చక్రాల నడిమి హబ్బుల మీది అక్షరాలు, ఇవన్నీ కలిపి చదవాలి.

పెడళ్ళ దగ్గర చైను పట్టే పళ్ళ చక్రం, అంటే చైన్ వీల్, కూడా చాలా సంగతులు చెబుతుంది. పాత ర్యాలీ చైన్ వీల్‌లో కొంగ తలలు ఉంటాయి. రడ్జ్ అనే ఇంకో ఇంగ్లండు కంపెనీ దానిలో అరచేయి, బీఎస్‌ఏ దానిలో ఆ మూడు అక్షరాలే కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉండే ఈ గుర్తులను పట్టుకుని ధర పెంచేవారు ఉన్నారు. అయితే చైన్ వీల్ ఒక కాటర్ పిన్ను తీస్తే ఊడివచ్చే వస్తువు కనుక, అది చట్రం పుట్టుకకు సాక్ష్యం కాదు. స్టర్మీ-ఆర్చర్ అనే ఇంగ్లండు కంపెనీ మూడు గేర్ల హబ్బు మీద తయారైన సంవత్సరం, నెల అంకెల్లో కొట్టి ఉంటాయి. ఉదాహరణకు 58 పక్కన 6 ఉంటే 1958 జూన్ అని అర్థం. కానీ ఆ తేదీ హబ్బుది మాత్రమే. సైకిలు మొత్తానికి ఆ తేదీ వర్తిస్తుందని ఎవరైనా చెబితే చట్రం నంబరు కూడా చూపించమనాలి.

పుట్టిన ఊరు తెలుసుకోవడం గొప్పలకోసం కాదు, మరలకోసం. ఇంగ్లండు సైకిళ్ళలో అధిక భాగానికి, మన దేశపు రోడ్‌స్టర్లకు బీబీ (బాటమ్ బ్రాకెట్, క్రాంకుల యాక్సిల్ తిరిగే చోటు) కప్పుల మర అంగుళానికి 24 చుట్లు. నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీకి, ర్యాలీ చేతికి వచ్చాక అక్కడే తయారైన రడ్జ్, హంబర్ సైకిళ్ళకు మాత్రం 26 చుట్లు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. 24 చుట్ల కప్పును 26 చుట్ల గొట్టంలో పానాతో బలవంతంగా బిగిస్తే మొదటి రెండు మూడు చుట్లు ఎక్కినట్టే ఎక్కి, ఆ పైన గొట్టంలోని మరను కోసేస్తుంది. అక్కడితో ఆ చట్రం పని అయిపోయినట్టే. కనుక నాటింగ్‌హామ్ సైకిలు అయితే పాత కప్పులను, అరిగినా సరే, పారేయకూడదు. చాలాసార్లు అరిగేవి కోనులు, గుండ్లు మాత్రమే. కప్పులు ఇంకొక తరం పనిచేస్తాయి.

ఎక్కడ దొరుకుతాయి

షిప్‌యార్డు, పోర్టు, రైల్వే, నేవల్ డాక్‌యార్డు ఉద్యోగులు ఒక తరం పాటు డ్యూటీకి సైకిళ్ళ మీదే వెళ్ళివచ్చిన ఊరు ఇది. కంచరపాలెం, మర్రిపాలెం, జ్ఞానాపురం, వన్‌టౌన్ ప్రాంతాల్లో పదవీ విరమణ చేసినవారి ఇళ్ళలో మెట్ల కిందనో, నీళ్ళ ట్యాంకు పక్కనో నిలబెట్టి మరచిపోయిన సైకిళ్ళు ఇంకా ఉన్నాయి. కొన్ని పెళ్ళిలో అల్లుడికి రిస్టువాచీతోపాటు పెట్టినవి. అందుకే అమ్మడానికి ఇంట్లో ఒక పట్టాన ఒప్పుకోరు, ఒప్పుకున్నాక ధర గురించి పెద్దగా పట్టించుకోరు. ఇలాంటి సైకిలు ఒకే చేతిలో ఉండి, పద్ధతిగా నూనె తిన్నది అయివుండే అవకాశం ఎక్కువ. పాత ఇనుప సామాన్ల కొట్లలో చూడదలచుకుంటే త్వరపడాలి. ఒక రోడ్‌స్టర్ సుమారు ఇరవై కిలోలు తూగుతుంది, కొట్టువాడు దాన్ని కిలోల లెక్కన కొన్నాడు కనుక విప్పి విడదీయడానికి ఆలస్యం చేయడు. అనకాపల్లి, భీమిలి వైపు పల్లెల్లో దొరికేవాటికి రంగు వెలిసినా లోపల ఇనుము బాగుండడం కద్దు, ముఖ్యంగా తీరానికి దూరంగా ఉన్న ఊళ్ళలో.

రెండు రకాల సైకిళ్ళ విషయంలో జాగ్రత్త అవసరం. మడ్‌గార్డు మీద పెద్ద అంకె రాసి, దానిమీద తరువాత రంగు వేసిన ఆనవాలు ఉంటే అది ఒకప్పటి అద్దె షాపు సైకిలు కావచ్చు; గంటల లెక్కన వందల చేతులు మారినది కనుక హబ్బులు, ఫోర్కు బాగా దెబ్బతిని ఉంటాయి. ఇంకొకటి చేపల వ్యాపారానికి వాడినది. బుట్టలోంచి కారిన ఉప్పునీరు క్యారియర్ మీదుగా వెనక కమ్మీల్లోకి, చక్రం యాక్సిల్ పట్టే చోటికి ఏళ్ళ తరబడి దిగి ఉంటుంది. ముందు భాగం ఎంత మెరిసినా అలాంటి సైకిలును వదిలేయడం మేలు.

సైకిలుకు ఆర్సీ అంటూ ఉండదు కనుక, ఎవరి దగ్గర కొన్నా చట్రం నంబరు వేసి, తేదీ, సంతకంతో ఒక చీటీ రాయించుకోవాలి. ఆ నంబరు సాధారణంగా సీటు గొట్టం పై అంచు దగ్గరో, బీబీ గొట్టం అడుగునో ఉంటుంది. దాన్ని ఆకురాయితో గీకేసి ఉంటే ఆ బేరం పెట్టుకోకూడదు. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలు పన్ను కట్టినందుకు ఇచ్చిన రేకు బిళ్ళ ఇంకా అంటుకుని ఉంటే మాత్రం దాన్ని తీయవద్దు. ఏ బ్రాండు స్టిక్కరూ ఇవ్వలేని ఆధారం అది.

బేరానికి ముందు

కొత్తగా నల్ల రంగు వేసి ఉంటే సంతోషించవలసిన పని లేదు, అనుమానించాలి. రంగు కింద గ్యాస్ వెల్డింగ్ అతుకులు దాగి ఉండవచ్చు. పాత చట్రాల్లో గొట్టాలు కలిసే చోట ఉక్కు తొడుగులు వేసి, లోపల ఇత్తడి కరిగించి అతికేవారు. ఆ తొడుగుల అంచులు చక్కగా, పలచగా ఉంటాయి. అక్కడ ముద్దలాగా ఉబ్బి ఉంటే ఎవరో తరువాత వెల్డింగ్ చేశారని తెలుసుకోవాలి. ముందు నుంచి దేన్నైనా గుద్దుకున్న సైకిలుకు పై బారు, కింది బారు హ్యాండిల్ గొట్టాన్ని కలిసే చోటికి రెండు మూడు అంగుళాల వెనక, అడుగువైపున, రంగు ముడత పడి ఉంటుంది. దాన్ని కంటితో కంటే బొటనవేలితో పట్టుకోవడం సులువు.

చట్రం వంకర తెలుసుకోవడానికి ఒక దారం చాలు. వెనక యాక్సిల్ పట్టే చోట ఒక వైపు కట్టి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండోవైపు అదే చోట బిగించి కడితే, సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలవవచ్చు. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు మించితే చట్రం పక్కకు వంగిందని అర్థం. మంచి మేస్త్రి దాన్ని చల్లగా ఉండగానే వంచి సరిచేయగలడు, కానీ ఆ ఖర్చు బేరంలో తగ్గాలి.

ఇక తుప్పు. తీరగాలిలోని ఉప్పు కణాలు గాలిలోని తేమను తామే లాక్కుంటాయి కనుక వాన పడకపోయినా ఇనుము మీద ఎప్పుడూ పలచటి ఉప్పునీటి పొర ఉంటుంది. క్రోమ్ పూతలో కంటికి ఆనని రంధ్రాల గుండా అది లోపలికి దిగి, అడుగున ఉన్న ఉక్కును తింటుంది. పైన చూస్తే మిరియపు గింజంత మచ్చలే కనిపిస్తాయి. చట్రంలోకి నీరు సీటు గొట్టం పై చీలిక నుంచి దిగి, అన్నిటికంటే అడుగున ఉన్న బీబీ గొట్టంలో నిలుస్తుంది. అందువల్ల బేరానికి ముందు చేయదగిన అతి ముఖ్యమైన పరీక్ష సైకిలును తలకిందులు చేసి, చెక్కసుత్తితో కమ్మీలను మెల్లగా తట్టడం. సీటు తీసిన గొట్టంలోంచి ఎర్రటి పొడి రాలితే భయపడనక్కరలేదు, అది అన్నిటికీ ఉంటుంది. పెంకుల్లాగా పలకలు రాలితే మాత్రం గొట్టం సగం కరిగిందనే లెక్క. బీబీ గొట్టం అడుగున, దానికి అతుక్కున్న వెనక కమ్మీల లోపలి వైపున స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడాలి. అమ్మేవాడు అభ్యంతరం చెబితే అదీ ఒక సమాధానమే.

సీటు పోస్టు కదలకపోవడం ఈ ఊళ్ళో సర్వసాధారణం. తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి రెండు గొట్టాలను ఒకటి చేసేస్తుంది. తుప్పు విడిచే నూనె పోసి రోజుల తరబడి వదిలి, పోస్టును సుత్తితో కిందికి కాకుండా పక్కలకు తిప్పుతూ వదులు చేయాలి. అది రాకపోతే మిగతా పని మొదలుపెట్టడంలో అర్థం లేదు. చట్రం లోపల ఏముందో చూడడానికి ఉన్న కిటికీ అదొక్కటే.

విప్పేటప్పుడు

పాత సైకిళ్ళు ఎక్కువగా పాడయ్యేది వాడకం వల్ల కాదు, కాటర్ పిన్ను మీద పడే సుత్తి దెబ్బల వల్ల. క్రాంకును యాక్సిల్‌కు పట్టి ఉంచే ఈ చిన్న ఏటవాలు మేకు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంటుంది. నట్టు మొత్తం తీసేసి కొడితే మర చితికిపోతుంది, వట్టి క్రాంకు మీద కొడితే దెబ్బంతా గుండ్ల మీదికి, కప్పుల్లోకి పోయి గుంటలు పడతాయి. పద్ధతి తెలిసిన మేస్త్రి ముందురోజు రాత్రే డీజిలో, తుప్పు విడిచే నూనెనో పోసి ఉంచుతాడు. నట్టును పిన్ను మర చివరతో సమానమయ్యేదాకా వదులు చేసి, క్రాంకు కింద, పిన్ను తల దిగడానికి చోటు ఉండేలా, నేలదాకా ఆనే ఒక ఇనుప గొట్టం నిలబెడతాడు. తరువాత బరువైన సుత్తితో కొడతాడు, ఒకటే దెబ్బ, తిన్నగా. చిన్న సుత్తితో ఇరవై దెబ్బలు కొట్టేవాడి చేతిలో పిన్ను తప్పకుండా వంగుతుంది. కొత్త పిన్నులు వేసేటప్పుడు రెండూ ఎదురెదురు దిశల్లో ఉండాలి, లేకపోతే పెడళ్ళు ఒకే గీత మీదికి రావు. వాటి ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో కొంచెం అరగదీసి సరిపెట్టడం మామూలే.

ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుందని చాలామందికి తెలుసు. కుడివైపు బీబీ కప్పు కూడా అలాగే తిరగబడి ఉంటుందని తెలిసినవారు తక్కువ. దాన్ని ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పాలి. తెలియక రెండోవైపు బిగించి బిగించి కప్పు అంచులు గుండ్రంగా అరగదీసిన చట్రాలు షాపుల్లో తరచు కనిపిస్తాయి. అయినా ఆ కప్పును తీయవలసిన అవసరం సాధారణంగా రాదు. లోపల తుడిచి, మెరుపు చూసి, గుంటలు లేకపోతే అలాగే ఉంచి, ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు పదకొండేసి కొత్తవి పెట్టి గ్రీజు వేస్తే సరిపోతుంది. ఓవరాయిలింగ్ అంటే అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు. హబ్బు కోనుల్లో గుంటలు ఉంటే మార్చాలి. షాపుకు పాత యాక్సిల్‌ను వెంట తీసుకువెళ్ళి, కొత్త కోనును అక్కడే దానిమీద చేత్తో తిప్పి చూసుకోవడం ఉత్తమం.

మూడు గేర్ల హబ్బు చేతికి వస్తే విప్పే తొందర వద్దు. స్టర్మీ-ఆర్చర్ వారి ఏడబ్ల్యూ నమూనా 1936 నుంచి వచ్చినది. దాన్ని ‘పాడైంది’ అని తీసి పక్కన పడేసినవాటిలో చాలావాటికి పట్టిన రోగం గడ్డకట్టిన పాత నూనె మాత్రమే. హబ్బు మీది చిన్న మూత తెరిచి పలచటి నూనె పోసి, చక్రం తిప్పి, ఒకటి రెండు రోజులు వదిలితే లోపలి పళ్ళు కదలడం మొదలవుతుంది. మందపాటి గ్రీజు కూరితే మాత్రం చిన్న స్ప్రింగులు పట్టుకుపోయి పెడల్ ఉత్తినే తిరుగుతుంది. ఈ హబ్బులో చిన్న గేరు మామూలు గేరు కంటే పాతిక శాతం తేలిక, పెద్దది మూడింట ఒక వంతు ఎక్కువ వేగం.

టైర్ల దగ్గర ఒక చిక్కు ఉంది. 28 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. రోడ్‌స్టర్‌కు వేసే 28 × 1½ టైరు రిమ్ముమీద కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, ఈనాటి 700 రకానిది 622. అలాగే బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ లాంటి సన్న చక్రాల సైకిళ్ళ 26 × 1⅜ టైరుకు 590, పర్వత సైకిళ్ళ 26 టైరుకు 559. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఆ మూడంకెల సంఖ్య చూసి కొంటే షాపుకు రెండోసారి తిరగనక్కరలేదు.

తుప్పు తీయడం, రంగు ఉంచడం

పాత సైకిలును కొత్తదానిలా మెరిపించడం, ఉన్నదాన్ని కాపాడి నడిచేలా చేయడం వేరువేరు పనులు. నా మొగ్గు రెండోదానివైపే. అప్పట్లో కొలిమిలో కాల్చి గట్టిపరిచిన నల్ల ఎనామిల్, దానిమీద కుంచెతో చేత్తో లాగిన బంగారు గీతలు ఒకసారి గీకేస్తే తిరిగి రావు. పౌడర్ కోటింగ్ గట్టిదే, కానీ మందంగా పడి తొడుగుల అంచులను, నంబరును కప్పేస్తుంది. చట్రం పూర్తిగా రంగు పోయి, ఎర్రగా బయటపడి ఉన్నప్పుడే కొత్త రంగు న్యాయం.

రంగు మిగిలిన చోట తుప్పు తీయడానికి ఆక్సాలిక్ ఆమ్లం బాగా పనిచేస్తుంది. లీటరు గోరువెచ్చని నీటికి ఒకటి రెండు చెంచాల పొడి చాలు. ప్లాస్టిక్ తొట్టెలో నానబెట్టి, మధ్యమధ్య తీసి చూస్తూ ఉండాలి. మరీ వదిలేస్తే పసుపు పొర పడుతుంది. అది విషం కనుక చేతులకు తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి, వంటపాత్రలు పనికిరావు. తీశాక సోడా ఉప్పు కలిపిన నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనెగుడ్డతో తుడవాలి, లేకపోతే మన ఊరి గాలికి అదే సాయంత్రం మళ్ళీ ఎరుపు తిరుగుతుంది. జింకు పూత ఉన్న పుల్లలను ఇందులో వేయకూడదు, పూత కరిగిపోతుంది. సీటు స్ప్రింగుల్లాంటి గట్టి ఉక్కును ఘాటైన ఆమ్లాల్లో నానబెడితే లోపలికి హైడ్రోజన్ చేరి పెళుసెక్కి, బరువు పడగానే విరిగే ప్రమాదం ఉంది. క్రోమ్ మీది మచ్చలకు ఆమ్లం అవసరమే లేదు. వంటింట్లో వాడే అల్యూమినియం కాగితాన్ని ఉండచేసి నీళ్ళతో రుద్దితే తుప్పు వదులుతుంది. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తనిది కనుక గీతలు పడవు. ఇత్తడి బిళ్ళకు మన చింతపండే చాలు, అదీ మితంగా. గట్టిగా తోమితే అక్షరాల మధ్యనున్న రంగు పోతుంది.

తోలు సీటు దొరికితే కొబ్బరినూనె రాయడం పెద్ద పొరపాటు. తోలు మెత్తబడి ఉయ్యాలలా సాగుతుంది. బూజు పొడిగుడ్డతో తుడిచి, మైనం పాలు ఎక్కువ ఉన్న తోలు పాలిష్‌ను పలచగా పట్టించి, ముందున్న నట్టును పావు చుట్టు మించి బిగించకుండా ఉంటే చాలాకాలం ఉంటుంది.

ఈ ఊరి దిబ్బలకు తగ్గట్టు

సిరిపురం నుంచి బీచ్ రోడ్డుకు దిగడం ఎంత హాయో, తిరిగి ఎక్కడం అంత కష్టం. పాత రోడ్‌స్టర్లకు ముందు 48, వెనక 18 పళ్ళు ఉంటే, చక్రం వ్యాసాన్ని ముందు పళ్ళతో గుణించి వెనక పళ్ళతో భాగించే గేరు లెక్కలో సుమారు 75 అంగుళాలు అవుతుంది. అది చదును నేల గేరు. వెనక 22 పళ్ళ ఫ్రీవీల్ దొరికితే అది 61కి దిగి, మోకాళ్ళకు ఊరట కలుగుతుంది; పాత ఫ్రీవీల్ దాచుకుంటే సైకిలు అసలు రూపానికీ లోటు రాదు. దిగేటప్పుడు సమస్య వేరు. రాడ్ బ్రేకుల రబ్బర్లు రిమ్ము లోపలి అంచును పైకి లాగి పట్టుకుంటాయి, తడిసిన క్రోమ్ ఉక్కు మీద వాటి పట్టు బాగా తగ్గిపోతుంది. వానాకాలంలో ఇలాంటి సైకిలుతో ఏటవాలు రోడ్డు దిగేటప్పుడు బ్రేకును చాలా ముందుగానే మెల్లగా పట్టి రిమ్ము ఆరనివ్వాలి. రిమ్ము లోపలి టేపు విప్పి, పుల్లల రంధ్రాల చుట్టూ ఇనుము పలచబడిందేమో చూడకుండా ఆ రోడ్డు మీదికి సైకిలును తీసుకుపోకూడదు.

బాగుచేసిన చట్రం లోపలికి సీటు గొట్టం గుండా కొంచెం అవిసె నూనె పోసి, అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంపేస్తే లోపల పలచటి పొర కట్టి గట్టిపడుతుంది. బీచ్ వైపు వెళ్ళివచ్చిన రోజు మంచినీళ్ళ తడిగుడ్డతో, ఆ తరువాత పొడిగుడ్డతో తుడవాలి. చైనుకు నూనె పోసి పైన మిగిలినదాన్ని తుడిచేయకపోతే ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. సీటు పోస్టును మాత్రం ఏడాదికి ఒకసారైనా బయటికి తీసి, గ్రీజు రాసి, మళ్ళీ దింపాలి.